కొసరు వేసిన చక్రాలు

మొన్న మా వీధిలో కొత్తగా ఇంజనీరింగ్ ముగించిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చి, "ఆంటీ, మీరు గూడ సీఎన్‌సీ ప్రోగ్రామర్ అంట గద! అప్పట్ల ఏ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్ళు?" అని అడిగింది. "నెత్తి" అన్నాను. ఆ పిల్ల అది కూడా ఏదో కంపెనీ సరుకే అనుకుని ఫోన్‌లో వెతకబోయింది.

ఆమెనని ఏం లాభం? సీఎన్‌సీ అంటే ఇప్పుడు కంప్యూటరు నడిపే యంత్రం. బొమ్మను తెర మీద పెట్టి, కోసే పనిముట్టు వెడల్పు ఎంతో చెప్పి ఒక మీట నొక్కితే దారి దానంతట అదే వస్తుంది. ఆ దారి గీత మీద కాకుండా పక్కన ఎందుకు వచ్చిందని అడిగేవాళ్ళు లేరు. అడగని ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, రిటైరైన రోజు కప్పిన శాలువా గురించి మాత్రం రాయను. శాలువా ఇప్పుడు మా ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది, బాగానే పనికొస్తోంది.

అసలు సంగతి ఇది. మందపాటి ఇనుప ప్లేటును గ్యాస్ మంటతో కోస్తే, మంట తన వెడల్పు మేరకు ఇనుమును తినేస్తుంది. మంటను సరిగ్గా గీత మీద నడిపామా, తిన్నదాంట్లో సగం మన వస్తువులోంచే పోతుంది. అందుకని మంటను ఆ వెడల్పులో సగం దూరం గీతకు బయటగా నడపాలి. వస్తువు నడుమ రంధ్రం ఉంటే అక్కడ మాత్రం గీతకు లోపలగా నడపాలి. ఈ పక్కదారికే ఆఫ్‌సెట్ అని పేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసింది ఇదే, గీతలు జరపడం. మా అమ్మ చర్చిలో ఎవరైనా అడిగితే, "మా సుగుణ కంపెనీల గీతలు జరుపుతది, దానికి జీతమిస్తరు" అని చెప్పేది. ఆవిడ మొహంలో ఆ కంపెనీ మీద జాలి స్పష్టంగా కనిపించేది.

కన్నున్న యంత్రం

మాది కాజీపేట. నాన్న రైల్వేలో ఫిట్టరు. నన్ను నర్సు ట్రైనింగుకు పంపాలా, టీచర్ ట్రైనింగుకు పంపాలా అని ఇంట్లో వాదన నడుస్తుండగానే నేను వెళ్ళి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరిపోయాను. డెబ్బైల నడుమ వరంగల్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో ట్రేసర్‌గా, అంటే బొమ్మలకు నకళ్ళు గీసే ఉద్యోగం దొరికింది. రైసు మిల్లులకు, పత్తి జిన్నింగు మిల్లులకు, బొగ్గు గనులకు ఇనుప భాగాలు చేసి ఇచ్చే ఫ్యాక్టరీ అది. డ్రాయింగ్ ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటి నెలంతా అందరూ నాకు కుర్చీలు వేయడం తప్ప పని చెప్పలేదు.

అక్కడ ప్లేట్లు కోయడానికి ఒక గ్యాస్ కటింగ్ మిషిను ఉండేది. దానికి ఒక కన్ను. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో, అసలు సైజులో గీసిన బొమ్మను బల్ల మీద పరిస్తే ఆ కన్ను గీత వెంట పాకేది. దానికి జోడించిన మంట అవతల ఇనుప ప్లేటు మీద అదే దారిలో నడిచేది. అంటే ఆఫ్‌సెట్ అంతా కాగితం మీదనే, మా చేతుల్లోనే జరగాలి. మేం పక్కకు జరిపి గీస్తే మంట పక్కకు జరుగుతుంది, మరిచిపోతే మరిచిపోతుంది. కన్ను చూస్తుందే గాని ఆలోచించదు.

ఆ మిషిను నడిపేది యాకయ్య. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, నన్ను చెల్లె అని పిలిచేవాడు. నేను అన్నా అనేదాన్ని. మనిషి సన్నగా, మీసం లావుగా. ఒకరోజు చక్రం బొమ్మ పట్టుకుని మా ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు.

"ఇదేం బొమ్మ చెల్లె? చక్రానికి తోక మొలిసింది!"

వెళ్ళి చూస్తే నిజంగానే గుండ్రటి చక్రానికి ఒక పక్క ఎలుక తోకలాంటి కొస పొడుచుకొచ్చింది. కాగితం మీద నా గీత చక్కగానే ఉంది. దానికి ఆనుకుని మాత్రం సన్నటి గోధుమరంగు చార. వాసన చూస్తే తుమ్ము వచ్చింది. నశ్యం! మా చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ రామచంద్రం సార్ నా బొమ్మ తనిఖీ చేస్తూ ఒక పట్టు పీల్చారు. రాలిన పొడిని చేత్తో తుడిచారు. కన్ను ఆ చారను గీత అనుకుని దాని వెంట వెళ్ళిపోయింది.

"సార్, మీ నశ్యం ఇనుములో అచ్చుపడ్డది" అన్నాను. సార్ తోకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఒంకర లేకుంట మంచిగనే కోసింది" అని మిషినును మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి ఆయన నశ్యం వరండాలోనే.

వానాకాలం వస్తే ఇంకో తంటా. తేమకు కాగితం ఉబ్బుతుంది. కాగితం ఉబ్బితే బొమ్మ పెరుగుతుంది, బొమ్మ పెరిగితే వస్తువు పెరుగుతుంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో బొమ్మలను వేడి చేసి, స్కేలు పెట్టి మళ్ళీ కొలిచి మరీ మిషినుకు పంపేవాళ్ళం. ఆఫీసుకు వచ్చిన కొత్త గుమాస్తా ఒకాయన నన్ను చూసి, ఈవిడ బట్టలు ఇస్త్రీ చేయడానికి వస్తుందేమో అనుకుని తన చొక్కా తెచ్చి పెట్టాడు. ఇస్త్రీ చేసి ఇచ్చాను లెండి. కాలరు మీద మాత్రం కొంచెం మాడింది.

గట్టు పొంటి సాలు

ఆఫ్‌సెట్ అంటే ఏమిటో నాకు నేర్పింది రామచంద్రం సార్. కోర్సులో చెప్పారు గాని ఎక్కలేదు. చేరిన కొత్తలో నడుమ రంధ్రమున్న ఒక ఇనుప బిళ్ళ బొమ్మ ఇచ్చి ఆఫ్‌సెట్ తీయమన్నారు. నేను తెలివిగా మొత్తం బొమ్మను కొంచెం పెద్దది చేసి గీశాను. పెద్దదయితే గీత బయటికి జరిగినట్టే కదా! బొమ్మతోపాటు నడుమనున్న రంధ్రం కూడా పెద్దదయింది. సార్ చాలాసేపు దాన్ని చూశారు.

"ఏం గీస్తానవ్ బిడ్డా?"

"ఆఫ్‌సెట్ సార్."

"నాగలి దున్నంగ చూసినవా ఎన్నడన్న?"

"లేదు సార్. మా నాన్న రైల్వే."

సార్ వాళ్ళది మరిపెడ వైపు వ్యవసాయం. పెన్సిల్ తీసుకుని, వంకరటింకర చేను ఒకటి గీశారు. "ఇది చేను. ఇది గట్టు. గట్టు మీద నాగలి నడుస్తదా? నడవది. గట్టు పొంటి, జానెడు ఎడంల సాలు కొడ్తరు. గట్టు ఒంకర వోతె సాలు గూడ ఒంకర వోతది, ఎడం మాత్రం అంతటా జానెడే. నువ్వేం జేసినవ్? చేనే పెద్దగ జేసినవ్. పక్కోడు కొట్లాటకు రాడా?"

ఒక్క నిమిషంలో నా బుర్రలో దీపం వెలిగింది. ఆయన అక్కడితో ఆగలేదు. చేనులో ఒక ఇరుకు మూల చూపించారు. "ఇగో, ఈ మూలల ఎడ్లు తిరుగుతయా? తిరగయ్. ఆ ముక్క దున్నకుంట మిగులుతది. మంట గూడ ఎడ్ల లెక్కనే. లోపటి మూల మంట కంటె ఇరుకుగుంటె మంట అండ్లకు పోదు. పోవాలని నువ్వు గీసినా పోదు. ఆ మూల గుండ్రంగ వస్తదని కస్టమర్‌కు ముందే చెప్పాలె."

తరవాత కంప్యూటర్లు వచ్చాక, ఇరుకు మూలల్లో దారి తనను తాను దాటుకుని ముడిపడి తెర మీద ఎర్రగా తప్పు చూపిస్తుంటే కుర్రాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు. ఎడ్లు తిరగవురా అక్కడ, అనేదాన్ని నేను. వాళ్ళకు ఎడ్లూ తెలియవు, నాగలీ తెలియదు. చివరికి ఆటో ఇరుకు సందులో తిరగదని చెప్తే అర్థమైంది.

రామచంద్రం సార్ గురించి ఉన్నమాట చెప్పాలంటే, గురువుగా ఆయనకు సాటి లేరు. బాస్‌గా మాత్రం పిరికి. పైవాళ్ళు గదిలోకి రాగానే ఆయన నోరు మూతపడేది. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉండడం తరవాత కూడా చాలామందిలో చూశాను. ఉద్యోగంలో చేరేవాళ్ళు ముందే తెలుసుకుని ఉంటే తర్వాత మనసు కష్టపెట్టుకోరు.

మా వాళ్ళ కొసరు

మా వైపు కొసరు లేకుండా బేరం ముగియదు. కూరగాయలామె తూకం వేశాక ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు వేయకపోతే, ఆ ఇంటివాళ్ళు మర్నాడు ఆమె గంప వైపు చూడరు. యాకయ్య మేడారం జాతరకు పోయి, మొక్కు ప్రకారం కొడుకు ఎత్తు బంగారం, అంటే కొడుకు బరువంత బెల్లం, తూచి తల్లులకు ఇచ్చి వచ్చాడు. తక్కెడ సమానంగా ఆగాక పైన ఇంకో ముద్ద పెట్టాడట. "తల్లి కాడ గీసి గీసి తూస్తమా చెల్లె?" అన్నాడు.

ఫ్యాక్టరీలో కూడా ఇదే న్యాయం. "జర ఎక్కువుంటె ఆకురాయి వెట్టి రుద్దుకోవచ్చు, తక్కువైతె యాడికెల్లి తెస్తం?" అనేది షాపులో అందరి నోటా నడిచే మాట. అబద్ధం కాదు. ఒకే మనిషి బొమ్మ గీసి, కోసి, రుద్ది, బిగించే చోట ఆ మాట బంగారమే. చిక్కంతా పని చేతులు మారినప్పుడు వస్తుంది. ప్రతి చెయ్యీ తన వంతు కొసరు వేస్తుంది, ముందువాడు వేశాడో లేదో ఎవరూ అడగరు. కొసరు వేశానని చెప్పుకోవడం మర్యాద కూడా కాదు కదా.

పాత కన్ను మిషినుకు పక్కన, చిన్న చిన్న సవరణల కోసం ఒక గుండ్రటి మీట ఉండేది. దాన్ని తిప్పితే మంట గీత నుంచి ఇంకాస్త బయటికి జరుగుతుంది. యాకయ్య ప్రతి పనికీ దాన్ని కొంచెం తిప్పేవాడు. ఫిట్టర్లు ఆ ఎక్కువ ఇనుమును రుద్దుకునేవాళ్ళు. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ పట్టించుకోలేదు, ఏళ్ళు గడిచిపోయాయి.

చిల్లుల టేపు

ఎనభైల మొదట్లో మాకు కొత్త మేనేజర్ వచ్చారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన సత్యనారాయణ గారు. పనిమంతులు, నిజాయితీపరులు. కోపం మాత్రం ముక్కు చివర కూర్చుని ఉండేది. ఆయన పట్టుబట్టి అంకెలతో నడిచే గ్యాస్ కటింగ్ మిషిను తెప్పించారు. దీనికి బొమ్మ అక్కర్లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో అంకెలుగా లెక్కకట్టి, కాగితపు టేపు మీద చిల్లులు కొట్టి పెడితే, టేపు చదువుకుంటూ మంట నడుస్తుంది.

"ఏవండీ, లెక్కలు ఎవరికి బాగా వచ్చు ఇక్కడ?" అని అడిగారు. డ్రాయింగ్ ఆఫీసు మగవాళ్ళంతా ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూశారు. అట్లా నేను ప్రోగ్రామర్‌ను అయ్యాను.

లాగరిథం పుస్తకం, కాలిక్యులేటరు, గ్రాఫు కాగితం. నా సాఫ్ట్‌వేర్ ఇదే. పళ్ళ చక్రం చూడడానికి అమాయకంగా ఉంటుంది. పన్ను కొన వంపుకు ఆఫ్‌సెట్ వేస్తే వంపు పెద్దదవుతుంది. పళ్ళ నడుమ సందు వంపుకు వేస్తే అది చిన్నదవుతుంది. ఈ పెద్దదీ ఆ చిన్నదీ ఎక్కడ కలుస్తాయో లెక్కకట్టాలి. ఒక్క అంకె తప్పితే మంట ప్లేటుకు అడ్డంగా పడి పరుగెత్తుతుంది. ఒకసారి అట్లా వెళ్ళి అవతల పెట్టిన యాకయ్య టిఫిన్ డబ్బా మూత కోసింది. "పప్పు వేడెక్కింది చెల్లె, కడమదంత మంచిగనే ఉన్నది" అన్నాడు పాపం.

ఈ మిషినుకు కూడా పక్కన ఒక మీట ఉంది. టేపులో ఆఫ్‌సెట్ లేకపోతే ఆ మీటతో మంటను జరుపుకోవచ్చు. ఆఫ్‌సెట్ మొత్తం దాంతోనే జరిపితే మాత్రం ఇరుకు సందుల దగ్గర మిషిను తికమకపడి ఆగిపోయేది. అందుకని మొత్తం ఆఫ్‌సెట్ నేనే టేపులో లెక్కకట్టేదాన్ని, మీట సున్నా మీద ఉండాలి. మిషిను బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఈ సంగతంతా మేనేజర్‌కు, రామచంద్రం సార్‌కు, నాకు ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. యాకయ్యతో మాత్రం, "ఇస్‌కో హాత్ నహీ లగానా" అని వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పకుండా ముట్టుకోవద్దంటే మనిషి చెయ్యి అక్కడికే పోతుంది. మేనేజర్ గారు చెప్పలేదు, సార్ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఆరు చక్రాలు

కొత్త మిషినుకు మొదటి పెద్ద పని బొగ్గు గని నుంచి వచ్చింది. బొగ్గును లాక్కెళ్ళే చైనుకు ఆరు పళ్ళ చక్రాలు కావాలి. పాత చక్రం అరిగిపోయింది, దాని డ్రాయింగు ఎవరి దగ్గరా లేదు. పల్చని రేకుతో కత్తిరించిన ఒక నమూనా, ఒక చైను ముక్క మా దగ్గరికి వచ్చాయి. నమూనా చూసి సార్ బొమ్మ గీశారు, బొమ్మ చూసి నేను టేపు చేశాను, టేపు పెట్టి యాకయ్య ఆరూ కోశాడు. అంచులు తళతళలాడుతున్నాయి. మేనేజర్ గారు అందరికీ చాయ్ తెప్పించారు.

ఆ చాయ్ తాగుతుండగానే ఫిట్టరు చైను ముక్క తెచ్చి చక్రం మీద పెట్టాడు. కూర్చోలేదు. ఇంకో చక్రం మీద పెట్టాడు. కూర్చోలేదు. ఆరింట్లో ఒక్కదాని మీదా చైను పళ్ళ నడుమకు దిగలేదు, ఊరికే పైన ఊగుతోంది. పళ్ళు లావయ్యాయి, సందులు ఇరుకయ్యాయి.

"ఫికర్ లేదు, రుద్దుదాం" అన్నారు ఎవరో. ఆకురాయి పెడితే గాజు మీద పెట్టినట్టు జారిపోయింది. ఆ ఉక్కు రకం వేరు. మంట తగిలిన అంచు చల్లారుతూ గట్టిపడిపోయింది. ఏళ్ళ తరబడి మమ్మల్ని కాపాడిన ఆకురాయి ఆ రోజు చేతులెత్తేసింది.

మేనేజర్ గారు గబగబా మిషిను దగ్గరికి నడిచారు. మీట సున్నా మీద లేదు.

"ఎవరు తిప్పారయ్యా దీన్ని?"

"నేనే సారూ" అన్నాడు యాకయ్య, దాచకుండా. "సున్న మీద వెడితె కొసరు ఎయ్యనట్టు అనిపిచ్చింది. జరంత తిప్పిన."

"ముట్టుకోవద్దని చెప్పారా లేదా?"

"చెప్పిన్రు."

"అయితే వినండి అందరూ. ఈ చక్రాలు పాడవడంలో ఎవరి చెయ్యి ఉందో వాళ్ళు రేపట్నుంచి గేటు బయట. ఎవరి మొహం చూసేది లేదు. మాటంటే మాటే."

గంటలో యాకయ్యను తీసేసే కాగితం టైపయింది, సంతకం ఒక్కటే తక్కువ. యాకయ్య మిషిను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "నలభై దాటినంక నన్నెవరు తీసుకుంటరు చెల్లె? ఈ మిషిన్లు వరంగల్ల ఇంకో కాడ లేకపాయె. ఊరికి పోతె భూమి గూడ లేదు" అన్నాడు. తప్పు అతనిదే, కాదనడానికి లేదు. కానీ ఒక్కసారి కొలిచి చూద్దామనిపించింది.

వెళ్ళి పన్ను మందం కొలిచాను. మీట ఎంత తిప్పితే పన్నుకు ఒక్కో పక్క అంతే పెరగాలి, రెండు పక్కలా కలిపి దానికి రెట్టింపు. నా చేతిలో లెక్క అంతకంటే ఎక్కువ చూపిస్తోంది. మళ్ళీ కొలిచాను. అదే.

మేనేజర్ గారి గదికి వెళ్ళాను. "సార్, యాకయ్య తిప్పినంత పోను ఇంకా ఇనుము మిగులుతోంది. అది ఎవరిదో తెలియకుండా ఆయన్ని పంపిస్తే, రేపు కొత్తవాడు మీట ముట్టుకోకుండా కోసినా చైను కూర్చోదు. ఏడో చక్రం కూడా పాడవుతుంది."

ఆయన అరవడానికి నోరు తెరిచి, లెక్క కాగితం చూసి, మూసుకున్నారు. "ఏం చెయ్యమంటారు?"

"పాత ప్లేటు ముక్కలో మూడు పళ్ళే కోసి చూద్దాం. యాకయ్యే కోయాలి. చెయ్యి మారితే లెక్క మారుతుంది."

మూడు పళ్ళ ముక్కలు

మొదటి ముక్క మీట సున్నా మీద పెట్టి కోశాం. చైను ఇదివరకటి కంటే ఎక్కువ దిగింది, పూర్తిగా దిగలేదు. అందరూ నా వైపు తిరిగారు. తరవాత మెట్టు టేపే కదా! నేను మంట వెడల్పు కొలిచినప్పుడు వచ్చిన అంకెను లెక్క సులువని, ఎందుకైనా మంచిదని పై అంకెకు సరిచేసుకున్నాను. చిన్నదే, అయినా కొసరు కొసరే. "నాది కూడా కొంచెం ఉంది సార్" అన్నాను. టేపు మళ్ళీ కొట్టాను.

రెండో ముక్క. ఇంకొంచెం దిగింది. ఇంకా బిర్రుగానే ఉంది. రామచంద్రం సార్ వరండాలో నశ్యం పీలుస్తూ దూరం నుంచి చూస్తున్నారు. పైవాళ్ళ ముందు నోరు తెరవని మనిషి, ఆయన తప్పించుకుంటారేమో అని నాకు భయం. యాకయ్య ఆయన వైపు చూశాడు. సార్ డబ్బా మూత పెట్టి లోపలికి వచ్చారు.

"బొమ్మల నేను గూడ జర ఏసిన సారూ" అన్నారు మేనేజర్‌తో. "రుద్దనీకె ఉండాలె గదా అని, పన్నుకు అటింత ఇటింత. ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న. ఎవ్వలకు చెప్పలేదు." ఆ ఒక్క మాటకు నేను ఆయన పిరికితనం మొత్తం మాఫీ చేశాను.

బొమ్మ సరిచేశారు, నేను లెక్క సరిచేశాను. మూడో ముక్క. షాపులోని వాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు. చైను దిగింది, దిగింది, అడుగుకు వెంట్రుకవాసి ఎడంలో ఆగిపోయింది.

మీట సున్నా. టేపు సరి. బొమ్మ నమూనాకు సరి. ఇంకేముంది? యాకయ్య ఫిట్టరు బల్ల మీది రేకు నమూనా తెచ్చి, దాని సందులోనే చైను ముక్క పెట్టాడు. అది కూడా కూర్చోలేదు.

"నమూనానే ఎక్కువున్నది" అన్నాడు మెల్లగా. "ఇది ఎవలు చేయించిన్రు?"

గని దగ్గరికి స్వయంగా వెళ్ళి, దగ్గరుండి నమూనా చేయించుకుని వచ్చింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. మేనేజర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన రేకును వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

"నేనేనండి" అన్నారు. "రేకు కత్తిరించేవాడికి నేనే చెప్పాను, ఓ వెంట్రుకవాసి ఎక్కువ ఉంచవయ్యా అని. తక్కువైతే కష్టం కదా అని..."

నవ్వు వస్తోంది గాని ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. ఈసారి రేకు పక్కన పడేసి, చైనునే కొలిచి సార్ బొమ్మ గీశారు. కొసరు ఎంతో, వేసింది ఎవరో ఒక మూల రాశారు. మా డ్రాయింగుల మీద ఆ అలవాటు ఆ రోజే మొదలైంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగిన నియమం కూడా ఇదొక్కటే. కొసరు వేయండి, ఒక్కరే వేయండి, వేసినట్టు రాయండి.

నాలుగో ముక్క కోస్తున్నంతసేపూ యాకయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, మీట జోలికి పోకుండా. ముక్క చల్లారాక చైను పెట్టాడు. టక్కుమని అడుగుదాకా దిగి కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది. సార్ ముక్కు తుడుచుకున్నారు, నశ్యం వల్ల కాదు.

మేనేజర్ గారు జేబులోంచి ఆ టైపు కాగితం తీశారు. దాన్ని చూస్తూ నిలబడిపోయారు, అందరి ముందూ ఇచ్చిన మాట ఉంది మరి. అప్పుడు యాకయ్య చేతులు కట్టుకునే, వినయంగానే అడిగాడు.

"సారూ, మరి గేటు బయటికి నేనొక్కన్నే పోవాల్నా? నలుగురం కలిసి పోదామా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"ముందు ఆ ఆరు చక్రాలూ మళ్ళీ కొయ్యవయ్యా. తర్వాత పోదాం" అన్నారు.

యాకయ్య రిటైరయ్యే దాకా ఆ "తర్వాత" రాలేదు.